మూడో రేవుకు పది సెకన్లు

లీవు మంజూరైందన్న కబురు వచ్చేసరికి ఇంజనీరమ్మ వంటింటి గట్టు మీద కూర్చుని, టీ కప్పును రెండు చేతుల్లో పొదువుకుని, ఎదుటి గోడను చూస్తోంది. ఆ గోడ మీద చూడదగ్గది ఏమీ లేదు. నిద్ర లేచాక కాసేపటిదాకా ఆమె చూపు ఎక్కడ వాలితే అక్కడే ఉండిపోతుంది, అంతే. పక్కన ఫోను మోగింది. ఆమె చెయ్యి కదల్లేదు. మాస్టారే అందుకున్నాడు.

మాస్టారంటే ఆమె మొగుడు. బళ్ళో పిల్లలకు భూగోళం చెప్తాడు. పెళ్ళై ఇంకా రెండు నెలలు నిండలేదు కాబట్టి, ఒకరి ఫోను ఒకరు ముట్టుకునే ముందు "చూడనా?" అని అడిగే మర్యాద ఇంకా మిగిలే ఉంది. ఇవాళ ఆ మర్యాద కూడా మర్చిపోయి, పాఠం చదివినట్టు పైకి చదివేశాడు.

"లీవు మంజూరు చేశాను. రేపటి నుంచి వారం రోజులు. హాయిగా వెళ్ళిరండి." చదివి, ఫోను గుండెకు హత్తుకుని, వంటింట్లో మిగిలిన కాస్త జాగాలోనే ఒక చుట్టు తిరిగాడు. "విన్నావా ఇంజనీరమ్మా? మీ హెడ్డుగారు ఇచ్చేశారు. చెక్క గది మనదే."

ఆమె తలాడించింది. లోపల ఎగిరి గంతేసినంత పనైంది. కానీ ఆ గంతు మొహం దాకా ఎక్కి రావడానికి ఆమెకు పొద్దుటిపూట బోలెడంత సేపు పడుతుంది.

"ఏం, సంతోషంగా లేదా?"

పలుకు లేదు.

"కోపమా? నేనేమన్నా అన్నానా?"

అదే మౌనం.

"రాత్రి దుప్పటంతా లాగేసుకున్నాననా?"

మూడోసారికి ఆమెకు నిజంగానే కోపమొచ్చింది. "అబ్బా" అంది. ఆ ఒక్క మాటతో మాస్టారి నాట్యం ఆగిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ ఇదే తంతు. అతను అడుగుతాడు, ఆమె పలకదు, అతను మళ్ళీ అడుగుతాడు, ఆమె విసుక్కుంటుంది, అతను మొహం చిన్నబుచ్చుకుని స్నానానికి పోతాడు. తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆమె కూనిరాగం తీస్తూ అతని చొక్కాకు ఇస్త్రీ చేస్తూ ఉంటుంది. అది చూసి అతను ఇంకా అయోమయంలో పడతాడు.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి మాస్టారు చదవకుండా మర్యాదగా ఆమె చేతికిచ్చాడు. కప్పులో అడుగున రెండు గుక్కలు మిగిలాయి. అవి తాగి, చదివింది.

"షరతు ఒక్కటే. ఇవాళ సాయంత్రం రద్దీలో మూడో రేవు దీపం ఎర్రబడకూడదు. ఎర్రబడితే సంగతి నీకు తెలిసిందే."

తెలిసిందే. నదికి అవతల, సరస్సు ఒడ్డున, కిటికీ తీస్తే కింద నీళ్ళు కదిలే చెక్క గది ఒకటుంది. పెళ్ళయిన మర్నాడే వాళ్ళిద్దరూ దాని ఫొటో చూసి మనసు పారేసుకున్నారు. ఒకసారి బుక్ చేశారు, మూడో రేవు ఎర్రబడింది, ఆగిపోయారు. ఇంకోసారి బుక్ చేశారు, మళ్ళీ అదే కథ. బడికి సెలవులు ఈ వారమే. ఇది పోతే మాస్టారికి మళ్ళీ ఇన్ని రోజులు చిక్కేది వచ్చే ఏడాదికే. గది యజమానురాలు కూడా "ఈసారీ రాకపోతే ఇంక నాకు ఫోను చెయ్యకండమ్మా, నాకు మీ మీద బెంగ పట్టుకుంటోంది" అని చెప్పేసింది.

"ఎర్రబడదులే," అంది ఇంజనీరమ్మ, గట్టు మీంచి దిగుతూ. అప్పటికి కప్పు ఖాళీ అయింది, గొంతు పెగిలింది, మొహంలోకి వెలుగొచ్చింది. "నిన్ననే సరిచేశాను. నువ్వు పెట్టె సర్దు. నా నీలం చీర కింద పెట్టకు, నలుగుతుంది."

మాస్టారు ఆమెను ఎగాదిగా చూశాడు. "ఇందాక కోపంగా ఉన్నది నువ్వేనా?"

"నాకెందుకు కోపం?" అని నవ్వి, స్నానాల గదిలో ఒకే గ్లాసులో ఒకదాని మీద ఒకటి వాలి ఉన్న రెండు బ్రష్షుల్ని చూసుకుని, మళ్ళీ నవ్వుకుని, ఆమె ఆఫీసుకు తయారైంది.

ఇంతకీ ఆ దీపం గొడవేమిటంటే: ఆమె కంపెనీ నది దాటే లాంచీలకు టికెట్లిచ్చే ప్రోగ్రాం రాసి నడుపుతుంది. రేవులు మూడు. ప్రోగ్రామునూ దానికి కావలసిన సరంజామానూ కంటైనర్ అనే పెట్టెలో సర్ది, ఒక్కో రేవులో ఉన్న మిషన్లో దింపుతారు. దింపి చేతులు దులుపుకుంటే చాలదు గదా, లోపల ప్రాణముందో లేదో ఎవరన్నా చూస్తుండాలి. దాన్నే హెల్త్ చెక్ అంటారు. అర నిమిషానికోసారి స్క్రిప్టు అనే ఒక బుల్లి ప్రోగ్రాం వెళ్ళి తలుపు తట్టి "బాగున్నావా?" అంటుంది. లోపల్నుంచి "బాగున్నా" అని జవాబొస్తే ఆఫీసు గోడ మీది పెద్ద తెరలో ఆ రేవు దీపం పచ్చగా ఉంటుంది. వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే ఎర్రబడుతుంది. ఎర్రబడిందంటే లోపలున్నది పోయిందని లెక్క. కాపలా ప్రోగ్రాం దాన్ని తీసి పారేసి మళ్ళీ మొదట్నుంచి లేపుతుంది. అది లేచి ఒళ్ళు విరుచుకుని టికెట్ ఇచ్చేలోపు రేవులో జనం లైను వీధిలోకి పాకుతుంది.

మొదటి రెండు రేవుల్లోవి కొత్త మిషన్లు, అడగ్గానే పలుకుతాయి. మూడో రేవుది పాతది. పనిలో లోటు చెయ్యదు, కానీ రద్దీలో ఉన్నప్పుడు "బాగున్నావా" అంటే చేతిలో పని ముగించి, తల తిప్పి, జవాబు చెప్పడానికి దానికి ఆరేడు సెకన్లు పడుతుంది. స్క్రిప్టేమో రెండు సెకన్లే ఆగుతుంది. ఆ తొందరలో, చక్కగా బతికున్న దాన్ని పట్టుకుని పోయిందని చాటింపు వేస్తోంది.

అందుకని నిన్న ఇంజనీరమ్మ ఒక మంచి పని చేసింది. మూడు రేవులకూ మూడు వేరువేరు ఫైళ్ళు రాయకుండా, ఒకే ఫైలు ఉంచి, ఎన్ని సెకన్లు ఆగాలో మాత్రం కంటైనర్ కట్టేటప్పుడు బయటి నుంచి ఇచ్చేట్టు ఒక బిల్డ్ వేరియబుల్ పెట్టింది. మొదటి రెంటికీ రెండు, మూడోదానికి పది. కడుతుండగా తెర మీద "ఆగే సెకన్లు: 10" అని పడింది కూడా. ఆ వరస చూసి, కుర్చీలో వెనక్కి వాలి, లీవు అడిగింది.

ఆఫీసు ఒక కర్టెన్ల కొట్టు పైన. మెట్లెక్కుతుంటే కొత్త బట్ట వాసన. పైన పొడుగాటి గది, నాలుగు బల్లలు, ఎప్పుడూ తడిగా ఉండే ఒక డోర్‌మ్యాట్, గోడకు ఆ పెద్ద తెర. తెర ఎదురుగా కూర్చునేది బాబాయ్. ఆయన ఎవరికీ బాబాయ్ కాడు, అందరికీ బాబాయే. ఆయనకన్నా పెద్దావిడ హెడ్డుగారు కూడా "బాబాయ్ ఎక్కడ?" అనే అడుగుతుంది. సర్వర్లన్నీ ఆయన చేతి మీద నడుస్తాయి. నవ్వడు గానీ, నవ్వించడం ఆయనకు చేతనవును.

"ఏమ్మాయ్, మొహం వెలిగిపోతోంది. లీవు వచ్చిందా, లేక రోజూ ఇంతేనా?"

"రెండూ బాబాయ్."

"సరే సరే. తెర మీద మాత్రం ఓ కన్నేసి ఉంచు. నీ సంసారం ఆ మూడో దీపం మీద వేలాడుతోంది."

పొద్దుటి నుంచీ మూడు దీపాలూ పచ్చగానే ఉన్నాయి. ఆమె పని చేసుకుంటూ మధ్యమధ్యలో తలెత్తి చూసి మురిసిపోయింది. మాస్టారు బళ్ళోంచి ఒక ఫొటో పంపాడు: నల్లబల్ల మీద నది, సరస్సు, చిన్న పడవ, అందులో ఇద్దరు. పిల్లలకు చెప్పిన పాఠమట. పడవలో వాళ్ళెవరని పిల్లలు అడిగితే "ప్రయాణికులు" అన్నాడట.

మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీసిందో లేదో, మూడో దీపం ఎర్రబడింది.

బళ్ళు మూసే రోజు గనక జనం సాయంత్రం దాకా ఆగకుండా మధ్యాహ్నమే రేవు మీద పడ్డారు. ఇంకో నిమిషంలో ఫోను మోగింది. అవతల రేవు పిన్ని. మూడో రేవులో కిటికీ వెనక కూర్చుని టికెట్లిచ్చే మనిషి. ఆ పాత మిషన్ని కన్నబిడ్డలా చూసుకుంటుంది, తిట్టేదీ ఆవిడే.

"అమ్మాయ్, నీ పెట్టె మళ్ళీ మూర్ఛపోయింది."

"అంతకుముందు బాగానే ఉందా పిన్నీ?"

"బాగానే ఏమిటి, పరిగెడుతోంది. టకటకా టికెట్లిస్తోంది. ఇస్తూ ఇస్తూ ఉండగానే ఎవరో పీక నొక్కినట్టు ఆగిపోయింది. ఇక్కడ ఒకాయన పిల్లాణ్ణి భుజమ్మీద ఎక్కించుకుని నా వంకే చూస్తున్నాడు. ఆయనకేం చెప్పను?"

"నాలుగు నిమిషాల్లో లేస్తుందని చెప్పు. సాయంత్రానికి ఇలా జరగదు. నాదీ పూచీ."

ఫోను పెట్టేసి డబ్బా మూత మళ్ళీ బిగించింది. ఆకలి లేక కాదు, తినే పనైతే తాపీగా తినాలని ఆమె సిద్ధాంతం. నిన్న కట్టినప్పటి వరసలన్నీ తెర మీదికి తెచ్చింది. అదిగో, నిక్షేపంలా ఉంది: ఆగే సెకన్లు, పది.

బాబాయ్ కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి కూర్చున్నాడు. "పదే కదా. నేనూ చూశాను నిన్న."

"పదే బాబాయ్. మరి రెండుకే ఎందుకు చంపేస్తోంది?"

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక మాట చెప్పనా? ఈ సాయంత్రానికి ఆ హెల్త్ చెక్ తీసేద్దాం. అడిగేవాడే లేకపోతే జవాబు ఆలస్యమైందని అనేవాడెవడు? దీపం పచ్చగా పడుంటుంది. నువ్వు మీ ఆయన్ని తీసుకుని వెళ్ళు. వచ్చాక తీరిగ్గా చూసుకుందువు గాని. హెడ్డుకు నేను చెప్పను, తెరా చెప్పదు."

ఆమె దీపం వైపు చూసింది. తీసెయ్యడానికి ఒక్క వరస చాలు. ఆ ఒక్క వరసకు అవతల కిటికీ, కింద నీళ్ళు, మాస్టారి నల్లబల్ల పడవ. నిజం చెప్పాలంటే ఆమె చెయ్యి కీబోర్డు మీదికి వెళ్ళింది కూడా.

"అసలు ఆ చెక్ ఎందుకు పెట్టారు బాబాయ్?"

ఎందుకు పెట్టారో ఆయనే ఆమెకు చెప్పాడు, చేరిన కొత్తల్లో. ఒక వానరోజు మూడో రేవు ప్రోగ్రాం నిజంగానే బిగుసుకుపోయింది. తెర మీద టికెట్ బొమ్మ కదలకుండా నిలబడింది. ఇక్కడ ఎవరికీ తెలీదు. అక్కడ జనం వానలో నిలబడే ఉన్నారు, ఆఖరి లాంచీ వాళ్ళ కళ్ళముందే ఖాళీగా వెళ్ళిపోయింది. ఆ మర్నాడే పెట్టారు ఈ చెక్.

"తీసేసి వెళ్తే నేను అక్కడ గదిలో కూర్చుని రోజంతా రేవు గురించే ఆలోచిస్తుంటా. మా ఆయన పక్కనే కూర్చుని కోపమా, కోపమా అంటుంటాడు. దానికంటే ఇక్కడే దొరకబుచ్చుకుంటా. సాయంత్రానికి ఇంకా టైముంది."

"నీ ఇష్టం," అన్నాడు బాబాయ్. ఆయన మొహం చూస్తే, కాదంటుందనే అడిగినట్టుంది.

ఆమె స్క్రిప్టు మొదట్నుంచీ చదివింది. తప్పేమీ కనపడలేదు. రెండోసారి చదివింది. సగంలో ఉండగా ఫోను. అమ్మ.

"ఏమే, అల్లుడుగారి మీద కోపమెందుకే నీకు?"

"నాకా? ఎవరు చెప్పారు?"

"ఆయనే. బడికి వెళ్తూ దార్లో చేశారు పాపం. 'అత్తయ్యగారూ, లీవు వచ్చిందని చెప్పినా మొహం గోడవైపే ఉంది, నా వల్ల పొరపాటేమన్నా జరిగిందేమో మెల్లిగా కనుక్కోండి' అని. ఎవరైనా వింటే నువ్వు ఆయన్ని కొడుతున్నావనుకుంటారు."

"అమ్మా, నేను పొద్దున్నే పలకనని నీకు తెలీదా?"

"నాకు తెలీకపోవడమేమిటే, పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నా. ఆయనకీ చెప్పానుగా. పెళ్ళిలో, ఆ ఫొటోల అబ్బాయి నన్ను పక్కకు జరగండి పక్కకు జరగండి అని తరుముతుంటే, చెవిలో చెప్పా. 'బాబూ, మా పిల్ల లేచాక టీ కప్పు ఖాళీ అయ్యేదాకా నోరు విప్పదు, కోపమనుకోకండి, కాస్త ఆగండి' అని. బుద్ధిగా తల కూడా ఊపారు."

"మరి?"

"మరేముంది? ఇవాళ గుర్తు చేస్తే 'ఎప్పుడు చెప్పారు అత్తయ్యగారూ?' అంటున్నారు. పెళ్ళి హడావిడిలో చెప్పిన మాట, పెళ్ళితోనే పోయింది. కాపురంలోకి వెంట రాలేదు. నాదే బుద్ధి తక్కువ, నువ్వు కాపురం పెట్టాక ఇంకోసారి చెప్పాల్సింది."

ఇంజనీరమ్మ నవ్వింది. తల ఊపుతూ నిలబడ్డ పెళ్ళికొడుకు కళ్ళముందు కనపడ్డాడు. విన్నాడు, తల ఊపాడు, ఆ క్షణానికి అర్థం కూడా చేసుకునే ఉంటాడు. ఆ మర్నాడు పొద్దున వంటింట్లో నిలబడ్డ మనిషి దగ్గర మాత్రం ఆ మాట లేదు. లేకపోయేసరికి, అందరు మొగుళ్ళూ ఏమనుకుంటారో అదే అనుకున్నాడు: పలకట్లేదంటే కోపం.

నవ్వుతున్నదల్లా ఆగిపోయింది.

"అమ్మా, నువ్వు బంగారానివి. మళ్ళీ చేస్తా."

"కోపం సంగతి తేల్చకుండానే..." అని అమ్మ అంటుండగానే ఫోను పెట్టేసి, నడుస్తున్న మూడో రేవు కంటైనర్ లోపలికి దూరింది. ఇప్పుడు, ఈ క్షణాన, ఆగే సెకన్లు నీ దగ్గర ఎన్నున్నాయి అని దాన్నే అడిగింది.

తెర మీద ఒక ఖాళీ వరస పడింది.

"బాబాయ్, ఇలా రా. దొరికింది దొంగ."

బాబాయ్ వచ్చి చూశాడు. "ఖాళీ?"

"ఖాళీ. బిల్డ్ వేరియబుల్ కట్టేటప్పుడే ఉంటుంది బాబాయ్. ఇల్లు లేచాక పరంజా విప్పేస్తారు చూడు, అలా పెట్టె మూత పడగానే వెళ్ళిపోతుంది. మనం కట్టేటప్పుడు అడిగాం, పది అని తల ఊపింది, అది చూసి మురిసిపోయాం. హెల్త్ చెక్ జరిగేది కట్టేటప్పుడు కాదుగా, రేవులో నడిచేటప్పుడు. అక్కడికి పది వెళ్ళనే లేదు."

"మరి ఏమీ లేకపోతే స్క్రిప్టు గోల చెయ్యాలి గదా."

"చెయ్యదు. నేనే నోరు నొక్కా. ఎవరూ ఏమీ చెప్పకపోతే రెండు సెకన్లు అనుకో అని మంచికే రాశా. మొదటి రెండు రేవులకూ కావలసింది రెండే కాబట్టి అక్కడ ఏ తేడా తెలీలేదు. మా మాస్టారు కూడా ఇంతే. ఎవరూ చెప్పకపోతే కోపమనుకోవడం."

"మాస్టారు ఈ ఫైల్లోకి ఎప్పుడొచ్చాడు?" అన్నాడు బాబాయ్.

ఆమెకు చెప్పే తీరిక లేదు. చెయ్యాల్సింది చిన్నదే. కట్టేటప్పుడు ఇచ్చిన పదిని తీసుకుని, కంటైనర్ నడిచినన్నాళ్ళూ దాని వెంటే ఉండే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్లోకి ఎక్కించే వరస ఒకటి రాసింది. ఆ తర్వాత స్క్రిప్టులోంచి "చెప్పకపోతే రెండు" అన్న మంచితనాన్ని కొట్టేసింది. విలువ ఇవ్వడం మర్చిపోతే అసలు కట్టడమే ఆగిపోయేట్టు పెట్టింది. మర్చిపోయినవాళ్ళ మొహం మీదే తలుపు వేస్తే ఇంకోసారి మర్చిపోరు.

కట్టింది. రేవులో దింపింది. ఈసారి కట్టేటప్పుడు పడ్డ వరసలవైపు చూడనే లేదు. తిన్నగా నడుస్తున్న కంటైనర్ లోపలికెళ్ళి అడిగింది. పది, అంది అది.

"అయితే ఇంక డబ్బా తెరువు," అన్నాడు బాబాయ్.

"ఆగు బాబాయ్. పచ్చగా ఉందంటే బాగుందని తెలిసింది. బాగోలేనప్పుడు ఎర్రబడుతుందో లేదో తెలియొద్దూ?"

రేవు పిన్నికి ఫోను చేసి, లైను ఖాళీగా ఉన్న సమయం చూసుకుని, లోపలి ప్రోగ్రామును తన చేత్తోనే ఆపేసింది. ఇద్దరూ తెర వైపు చూస్తూ కూర్చున్నారు. స్క్రిప్టు తలుపు తట్టింది, పది సెకన్లు ఆగింది, జవాబు లేదు. మళ్ళీ తట్టింది. మళ్ళీ. మూడో దీపం ఎర్రబడింది. కాపలా ప్రోగ్రాం వచ్చి పెట్టెను మళ్ళీ లేపింది. ఇంజనీరమ్మ ఎర్రదీపాన్ని చూసి ఇంత ఆనందపడటం ఆ గదిలో ఎవరూ ఎరగరు. అప్పుడు తెరిచింది డబ్బా. అన్నం చల్లారిపోయింది. మాస్టారు పొద్దున కోపమనుకుంటూనే సర్దిపెట్టిన డబ్బా అది. మూల చిన్న గిన్నెలో, అలక తీరుతుందేమోనని కాబోలు, ద్రాక్షపళ్ళు కూడా పెట్టాడు. బాబాయ్‌కి నాలుగిచ్చి మిగతావి తనే తినేసింది.

సాయంత్రం రద్దీ మొదలైంది. తెర మీద దీపాల పక్కన ప్రతి జవాబుకూ ఎంతసేపు పట్టిందో అంకె పడుతుంది. మొదటి రేవు, ఒకటి లోపే. రెండో రేవు, ఒకటి. మూడో రేవు, నాలుగు. పచ్చ. మూడో రేవు, ఆరు. పచ్చ. ఇళ్ళకు వెళ్ళాల్సినవాళ్ళు కూడా బ్యాగులు భుజాన వేసుకుని తెర దగ్గరే నిలబడ్డారు. హెడ్డుగారు తన గది తలుపు తెరిచి, చెయ్యి ద్వారబంధానికి ఆనించి చూస్తోంది.

మూడో రేవు, ఎనిమిది.

"ఇంకెంత తీసుకుంటుందే తల్లీ," అన్నాడు బాబాయ్ తెరతో.

"తీసుకోనీ బాబాయ్. అది పని చేసుకుంటోంది. మనం ఆగుతాం." ఆమె గొంతులో బెరుకు లేదు. ఉండాల్సిన చోట పది ఉందని ఆమె తన కళ్ళతో చూసింది.

దీపం పచ్చగానే ఉంది. ఏడు. ఆరు. తర్వాత మెల్లగా నాలుగు. ఫోను మోగింది. రేవు పిన్ని.

"ఏమ్మాయ్, లైను అయిపోయింది, పెట్టె పడిపోలేదేమిటి? అలవాటు తప్పి నాకు కంగారుగా ఉంది."

"ఇంక పడదు పిన్నీ. నిజంగా ఒంట్లో బాగోకపోతేనే పడుతుంది."

హెడ్డుగారు ద్వారబంధం మీంచి చెయ్యి తీసింది. "వారం రోజులు నీ ఫోను మోగదు. మోగితే బాబాయ్ ఎత్తుతాడు," అని లోపలికి వెళ్ళిపోయింది. బాబాయ్ ఆమె బ్యాగు తీసుకొచ్చి ఆమె భుజానికి తనే తగిలించాడు. "ఆ పరంజా మాట బాగుంది. కొత్తవాళ్ళకు నేనే కనిపెట్టానని చెప్తా," అన్నాడు.

కింద కర్టెన్ల కొట్టు ముందు మాస్టారు నిలబడి ఉన్నాడు. చేతి మీద సుద్ద మరక, మొహం మీద ప్రశ్న. ఆమె మెట్లు దిగుతున్న తీరు చూసే సగం అర్థమై ఉంటుంది, అయినా అడిగాడు.

"పచ్చా?"

"పచ్చ."

అతను ఆమె బ్యాగు అందుకున్నాడు. ఇద్దరూ ఇంటివైపు నడిచారు. వీధి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. కొట్టు అద్దంలో తమ ఇద్దరి నీడలూ పక్కపక్కన కనపడితే ఆమె అడుగు నెమ్మదించి చూసుకుంది.

"మా అమ్మకు ఫోను చేశావట. నేను నిన్ను గోడకేసి చూసి శిక్షిస్తున్నానని."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "అలా అనలేదు. కనుక్కోమన్నానంతే."

"పెళ్ళిలో అమ్మ నీకో మాట చెప్పిందట."

"చెప్పారట. నాకు గుర్తు లేదు. ఆ రోజు నాతో ఎంతమంది ఎన్ని చెప్పారో. అన్నిటికీ తల ఊపాను. ఎవరో మా ఇంటి పక్క స్థలం కొనుక్కోమన్నా ఊపాను." అతను గొంతు తగ్గించి అన్నాడు. "రోజూ భయమేసేది నాకు. నాతో ఉండటం నీకు నచ్చట్లేదేమోనని."

ఆమె నడక ఆపేసింది. అతని చెయ్యి పట్టుకుంది. సుద్ద ఆమె వేళ్ళకూ అంటింది. "పిచ్చి మాస్టారూ. పొద్దున లేచి నిన్ను చూడగానే నాకు ఎంత బాగుంటుందో తెలుసా? చెప్పడానికే లేటు. మా మూడో రేవు పెట్టె లాంటిదాన్ని నేను. అడిగి, కాస్త ఆగాలి."

"ఎంతసేపు?"

"టీ కప్పు ఖాళీ అయ్యేదాకా. ఇప్పుడు చెప్తున్నా, పెళ్ళిలో కాదు, కాపురంలో. వెంట ఉంచుకో."

"ఉంచుకుంటా," అన్నాడు మాస్టారు. ఈసారి తల ఊపలేదు. ఆమె చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పాడు, టీ కప్పుతో సహా. విని ఆమె ఫుల్ మార్కులు వేసింది.

ఇంటి సందు తిరిగాక, గేటు ముందు తాళం చెవి వెతుక్కుంటూ ఆమె రేపటి సంగతి తేల్చేసింది.

"రేపు పొద్దున తొలి లాంచీకే వెళ్దాం. మూడో రేవు నుంచే. నన్ను లేపు, టీ ఇవ్వు, ఏమీ అడక్కు. టికెట్లు నేను తీసుకుంటా, రేవు పిన్నికి నిన్ను చూపించాలి. లాంచీ నది మధ్యకు వచ్చాక, బాగున్నావా అని ఒక్కసారి అడుగు."